పాకం తీపిని మార్చిన ఎంజైమ్

1957 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రిక రెండు పేజీల పరిశోధన పత్రం ఒకటి ప్రచురించింది. రచయితలు రిచర్డ్ మార్షల్, ఎర్ల్ కూయి. ఇద్దరూ అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం ఆర్గోలో, మొక్కజొన్న నుంచి స్టార్చ్, పాకం తీసే కార్న్ ప్రొడక్ట్స్ కంపెనీలో పనిచేసేవారు. సూడోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాను జైలోజ్ అనే చక్కెర మీద పెంచి, దాని ఎంజైమ్‌ను గ్లూకోజ్ ద్రావణంలో కలిపితే గ్లూకోజ్‌లో కొంత ఫ్రక్టోజ్‌గా మారుతోందని వారు చూపారు. ఆ రోజున అది ప్రయోగశాలలో కనిపించిన ఒక వింత మాత్రమే. పాతికేళ్ళు తిరిగేసరికి అమెరికాలో శీతల పానీయాల తీపి, కరీబియన్ దీవుల చెరకు రైతు ఆదాయం, యూరప్ వ్యవసాయ చట్టం దాని ప్రభావంలోకి వచ్చాయి.

ఈ మార్పును సాధారణంగా వ్యాపార చరిత్రగా చెబుతారు. దాని కింద మరో చరిత్ర ఉంది. ఒక ఎంజైమ్‌ను కణంలోని వేలాది ప్రొటీన్ల నుంచి విడదీసి, దాని గుణాలను ఒక్కొక్కటిగా కొలిచిన చరిత్ర అది. ప్రయోగశాలలో నమోదైన కొలతలే తర్వాత ఫ్యాక్టరీ ఎలా ఉండాలో, పాకం ఎంత తియ్యగా ఉండాలో నిర్ణయించాయి.

పాత సమస్య

స్టార్చ్ నుంచి చక్కెర తీయడం పందొమ్మిదో శతాబ్దపు విద్య. నెపోలియన్ యుద్ధాల కాలంలో యూరప్‌కు చెరకు పంచదార రాక తగ్గింది. ఆ రోజుల్లోనే, 1811లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గొట్లీబ్ కిర్ఖాఫ్ స్టార్చ్‌ను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి తియ్యటి పాకం తీశాడు. 1833లో పారిస్‌లో ఆన్సెల్మ్ పాయెన్, జాన్ ఫ్రాంస్వా పెర్సో మొలకెత్తిన బార్లీ రసంలో ఆల్కహాల్ పోసి, స్టార్చ్‌ను చక్కెరగా మార్చే పదార్థాన్ని అడుగుకు దింపారు. దానికి వారు డయాస్టేజ్ అని పేరు పెట్టారు. ఎంజైమ్‌ను జీవి నుంచి వేరుచేసే విద్యకు అదే తొలి మెట్టు.

అయితే స్టార్చ్ నుంచి వచ్చేది గ్లూకోజ్. దాని తీపి పంచదార తీపిలో సుమారు 70 శాతం. ఫ్రక్టోజ్ మాత్రం పంచదార కంటే తియ్యన. రెండింటి అణువుల్లోనూ ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లే ఉంటాయి. మొదటి రెండు కార్బన్ల దగ్గర అమరికలోనే తేడా. ఆ చిన్న తేడాను చెరిపే ఉపాయం దొరికితే మొక్కజొన్న పాకం చెరకుతో పోటీకి నిలుస్తుంది.

రసాయన మార్గం ఒకటి అప్పటికే ఉంది. డచ్ శాస్త్రవేత్తలు లోబ్రి ద బ్రాయన్, అల్బెర్డా వాన్ ఎకెన్‌స్టైన్ క్షారంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మానోజ్ ఒకదానిలోకి ఒకటి మారతాయని 1895లో చూపారు. కానీ క్షారానికి ఎంపిక తెలియదు. అక్కరలేని చక్కెరలు, ఆమ్లాలు పుడతాయి. పాకం రంగు తిరుగుతుంది. శుభ్రం చేసే ఖర్చు దిగుబడిని మింగేస్తుంది. ఒక్క మార్పే చేసి ఆగిపోయే ఉత్ప్రేరకం కావాలి. అలాంటి ఎంపిక ఎంజైమ్‌కే సాధ్యం.

జైలోజ్ దారిలో దొరికినది

వెతికినవారికి అది నేరుగా దొరకలేదు. 1953లో కెనడాలో హాక్‌స్టర్, వాట్సన్ సూడోమోనాస్ హైడ్రోఫిలాలోను, అమెరికాలో మిత్సుహాషి, లాంపెన్ లాక్టోబాసిల్లస్ పెంటోసస్‌లోను ఒక కొత్త ఎంజైమ్‌ను గుర్తించారు. అది జైలోజ్‌ను జైలులోజ్‌గా మారుస్తుంది. జైలోజ్ అయిదు కార్బన్ల చక్కెర. కర్రలో, తవుడులో, మొక్కజొన్న బెండులో ఉండే జైలాన్ అనే పదార్థం విరిగితే వస్తుంది. దాన్ని తిని బతికే బ్యాక్టీరియాకు ఈ ఎంజైమ్ జీవనాధారం.

మార్షల్, కూయి చేసిందేమిటంటే అదే ఎంజైమ్‌కు గ్లూకోజ్‌ను అందించి చూడటం. ఆరు కార్బన్ల గ్లూకోజ్ దానికి సహజమైన ఆహారం కాదు. ఆ బ్యాక్టీరియా ఎంజైమ్‌కు జైలోజ్ పట్ల ఉన్న ఆకర్షణతో పోలిస్తే గ్లూకోజ్ పట్ల ఉన్నది 160వ వంతే. అయినా చర్య జరుగుతోంది. గ్లూకోజ్ చిక్కగా ఉంటే బలహీనమైన ఆకర్షణ కూడా సరిపోతుంది. పాకం ఫ్యాక్టరీలో చిక్కటి గ్లూకోజ్‌కు కొదవ లేదు.

చిక్కులు మాత్రం రెండు ఎదురయ్యాయి. ఎంజైమ్ తయారు కావాలంటే బ్యాక్టీరియాకు ఖరీదైన శుద్ధ జైలోజ్ పెట్టాలి. పైగా ఆ ప్రయోగంలో ఆర్సెనేట్ కలపవలసి వచ్చింది. ఆర్సెనిక్ విషం. మనుషులు తాగే పాకంలోకి దాన్ని రానివ్వడం కుదరని పని.

విడదీస్తే తేలిన నిజం

1960ల మొదటి సగంలో ఈ ఎంజైమ్ కోసం ఎక్కువగా శ్రమించినవారు జపాన్ శాస్త్రవేత్తలు. పంచదార చాలావరకు దిగుమతి చేసుకోవలసిన దేశం అది. చిలగడదుంప స్టార్చ్ నుంచి గ్లూకోజ్ తీసే పరిశ్రమ అక్కడ అప్పటికే నిలదొక్కుకుంది. సుమురా, సాటో, యమనకా, నటాకే, తకసాకి, తనాబే వంటివారు రకరకాల బ్యాక్టీరియాలను పరీక్షించారు. చాలా వాటిలో గ్లూకోజ్ ఫ్రక్టోజ్‌గా మారడం కనిపించింది. అయితే ఆ పని చేస్తున్నది అన్నిటిలోనూ ఒకే ఎంజైమా? కణాల ముద్దను చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఎంజైమ్‌ను శుద్ధి చేయాల్సిందే.

ఆనాటి శుద్ధి పద్ధతి క్రమం ఇది. కణాలను రుబ్బి గానీ, ధ్వని తరంగాలతో గానీ, కణ కవచాన్ని కరిగించే లైసోజైమ్‌తో గానీ పగలగొట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చెత్తను అడుగుకు దింపి, పైతేట తీసుకోవాలి. అందులో అమ్మోనియం సల్ఫేట్ కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే ఒక్కో రకం ప్రొటీన్ ఒక్కో మోతాదు దగ్గర పేరుకుంటుంది. కావలసిన ఎంజైమ్ ఉన్న ముద్దను మళ్ళీ కరిగించి, ఉప్పు పోయేలా డయాలిసిస్ చేయాలి. ఆ తర్వాత కాలమ్‌ల వంతు. 1956లో పీటర్సన్, సోబర్ ప్రవేశపెట్టిన డీఈఏఈ సెల్యులోజ్ ప్రొటీన్లను విద్యుదావేశాన్ని బట్టి పట్టి ఉంచుతుంది. 1959లో స్వీడన్‌లో పొరాత్, ఫ్లోడిన్ వెలువరించిన సెఫాడెక్స్ జెల్ వాటిని పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. ఈ రెండు సాధనాలు అప్పుడే చేతికి వచ్చి ఉండకపోతే ఈ కథ మరో పదేళ్ళు వెనకబడేదే.

ప్రతి మెట్టు దగ్గరా రెండు లెక్కలు తీయాలి. ఎంజైమ్ మొత్తం చురుకుదనం ఎంత మిగిలింది? ఒక్కో మిల్లీగ్రాము ప్రొటీన్‌కు చురుకుదనం ఎంత పెరిగింది? మొదటిది దిగుబడిని, రెండోది శుద్ధతను చెబుతుంది. చురుకుదనం కొలవడానికి డిషె, బోరెన్‌ఫ్రాయిండ్ 1951లో చెప్పిన సిస్టీన్–కార్బజోల్ పరీక్ష అక్కరకొచ్చింది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఫ్రక్టోజ్ ఊదారంగు ఇస్తుంది. గ్లూకోజ్ ఎంత ఉన్నా ఆ రంగుకు పెద్దగా అడ్డు రాదు. నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫ్రక్టోజ్ పుట్టిస్తే ఒక యూనిట్ అని లెక్క.

ఇలా విడదీసి చూస్తే, ఒకే పని చేస్తున్నట్టు కనిపించినవి వేర్వేరు ఎంజైమ్‌లని తేలింది. ఎషెరీకియా ఇంటర్మీడియా బ్యాక్టీరియాలో పని జరిపించేది గ్లూకోజ్ ఫాస్ఫేట్‌ను మార్చే ఎంజైమ్. ఆర్సెనేట్ ఉంటే అది మామూలు గ్లూకోజ్‌ను కూడా ఫాస్ఫేట్ తగిలించుకున్న గ్లూకోజ్‌గా పొరబడుతుంది. బాసిల్లస్ మెగటేరియమ్‌లో దొరికిన ఇంకొకటి గ్లూకోజ్‌కే ప్రత్యేకం గానీ, దానికి ఎన్ఏడీ అనే ఖరీదైన తోడు కావాలి. మూడోది జైలోజ్ ఐసోమరేజ్. దానికి ఆర్సెనేట్ అక్కరలేదు, ఎన్ఏడీ అక్కరలేదు. మెగ్నీషియం, కోబాల్ట్ వంటి లోహ అయాన్లు చాలు. ఏ ఎంజైమ్ వెంట పడాలో, దేన్ని వదిలేయాలో పరిశ్రమకు చెప్పినది ఈ వర్గీకరణే. సహజంగా జైలోజ్‌ను మార్చే ఆ మూడో ఎంజైమే పరిశ్రమలో గ్లూకోజ్ ఐసోమరేజ్‌గా స్థిరపడింది.

తకసాకి మలుపు

జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఫెర్మెంటేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో యోషియుకి తకసాకి ఈ దారిని ముందుకు తీసుకువెళ్ళాడు. ఆయన ఎంచుకున్నవి మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. 1960ల నడుమ ఆయన బృందం వెలువరించిన ఫలితాల్లో మూడు ముఖ్యమైనవి.

మొదటిది ఆహారం. ఆయన ఎంచుకున్న బ్యాక్టీరియా జైలాన్‌ను తానే విరగ్గొట్టుకుని తింటుంది. శుద్ధ జైలోజ్ కొనే పని లేదు. గోధుమ తవుడు, మొక్కజొన్న బెండు సరిపోతాయి. రెండోది వేడిని తట్టుకునే శక్తి. ఈ ఎంజైమ్ 60, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నిలకడగా పనిచేసింది. ఆ వేడిలో చిక్కటి పాకం పలచబడి సులువుగా పారుతుంది, ఇతర సూక్ష్మజీవులు పెరగవు. మూడోది ఒక ఉపాయం. ఎంజైమ్ ఉండేది కణం లోపల. కణాలను కొంతసేపు 65 డిగ్రీల దగ్గర వేడిచేస్తే వాటిని కరిగించే ఇతర ఎంజైమ్‌లు చచ్చిపోతాయి, ఐసోమరేజ్ మాత్రం చెక్కుచెదరకుండా లోపలే నిలుస్తుంది. అలా వేడిచేసిన కణాలను పాకంలో వేసి, పని అయ్యాక వడకట్టి, మళ్ళీ వాడుకోవచ్చు.

ఇదే కాలంలో స్ట్రెప్టోమైసిస్ ఎంజైమ్‌ను, బాసిల్లస్ కోయాగ్యులన్స్ ఎంజైమ్‌ను జపాన్ ప్రయోగశాలలు స్ఫటికాలుగా తీశాయి. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్‌ను స్ఫటికంగా చూపినప్పటి నుంచి, స్ఫటికం కట్టడం శుద్ధతకు గట్టి ఆనవాలు. అణుభారం లక్షన్నర పైచిలుకు అని అప్పటి అంచనా. తర్వాతి లెక్కల్లో స్ట్రెప్టోమైసిస్ ఎంజైమ్ నాలుగు సమాన భాగాలు కలిసినదని, ఒక్కో భాగం సుమారు 43,000 డాల్టన్లని తేలింది.

కొలత నుంచి కర్మాగారానికి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న క్లింటన్ కార్న్ ప్రాసెసింగ్ కంపెనీ 1966లో జపాన్ ప్రభుత్వ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 1967లో సుమారు 15 శాతం ఫ్రక్టోజ్ ఉన్న పాకాన్ని మార్కెట్‌లోకి పంపింది. మరుసటి ఏడాదికి ఆ శాతం 42కు చేరింది. ఆ తర్వాత ఎంజైమ్‌ను డీఈఏఈ సెల్యులోజ్‌కు అంటించి, దాని గుండా పాకాన్ని ఆగకుండా పారించే పద్ధతికి మారింది. ప్రయోగశాలలో శుద్ధి కోసం వాడిన పదార్థమే ఫ్యాక్టరీలో ఎంజైమ్‌కు ఆధారమైంది. 1970ల నడుమ డెన్మార్క్ కంపెనీ నోవో కూడా గ్లూటరాల్డిహైడ్‌తో గట్టిపరచిన బాసిల్లస్ కోయాగ్యులన్స్ ఎంజైమ్‌ను అమ్మకానికి పెట్టింది.

ఈ ఫ్యాక్టరీల నిర్మాణాన్ని చూస్తే ఎంజైమ్ గుణాల పట్టిక చదివినట్టే ఉంటుంది. చర్య రెండు వైపులా సాగుతుంది. 60 డిగ్రీల దగ్గర గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సుమారు సగం సగం అయ్యాక మార్పు నిలిచిపోతుంది. ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ పని మందగిస్తుంది కాబట్టి 42 శాతం దగ్గర ఆపేయడమే లాభసాటి. వ్యాపారంలో స్థిరపడిన ఆ 42 సంఖ్య పుట్టుక ఇది.

కాల్షియం ఈ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. అయితే అంతకు ముందు దశలో స్టార్చ్‌ను పలచబరిచే ఆల్ఫా అమైలేజ్ నిలవాలంటే కాల్షియమే కావాలి. అందుకని రెండు దశల మధ్య పాకాన్ని అయాన్ మార్పిడి రెజిన్ల గుండా పంపి కాల్షియాన్ని తీసేస్తారు, ఆపైన మెగ్నీషియం కలుపుతారు. గ్లూకోజ్ పుట్టించే గ్లూకోఅమైలేజ్ పీహెచ్ 4.5 దగ్గర పనిచేస్తే, ఐసోమరేజ్ 7.5 దాటాక చురుగ్గా ఉంటుంది. కాబట్టి రెండు పనులూ ఒకే తొట్టెలో కుదరవు. కోబాల్ట్ ఎంజైమ్‌కు బలమిస్తుంది గానీ తిండిలో ఉండకూడదు. అందుకే కోబాల్ట్ లేకుండా మెగ్నీషియంతోనే పనిచేసే ఎంజైమ్‌ల వైపు పరిశ్రమ మొగ్గింది.

మార్కెట్, చట్టం

శాస్త్రం సిద్ధంగా ఉన్నా, మార్కెట్‌ను తెరిచినది పంచదార ధరే. 1974 నవంబరులో న్యూయార్క్‌లో ముడి పంచదార ధర పౌనుకు 60 సెంట్లు దాటింది. ఏడాది ముందు అది 10 సెంట్ల చుట్టుపక్కల ఉండేది. శీతల పానీయాల కంపెనీలు ప్రత్యామ్నాయం వెతుక్కున్నాయి. 42 శాతం పాకం వాటికి చాలినంత తియ్యన కాదు. క్రోమటోగ్రఫీతో ఫ్రక్టోజ్‌ను 90 శాతం దాకా చిక్కబరిచి, దాన్ని 42 శాతం పాకంతో కలిపి 55 శాతం పాకం తయారుచేశారు. ప్రొటీన్లను వేరుచేసే కాలమ్ విద్యకు పరిశ్రమ స్థాయిలో ఇది మరో రూపం. 1980లో కోకాకోలా తన పానీయంలో సగం తీపికి ఈ పాకాన్ని అనుమతించింది. 1984 నవంబరులో కోకాకోలా, పెప్సీ రెండూ అమెరికాలో పంచదార స్థానంలో పూర్తిగా దీన్నే వాడేందుకు ఒప్పుకున్నాయి. 1982లో తెచ్చిన దిగుమతి కోటాలతో అమెరికాలో పంచదార ఖరీదుగానే ఉండిపోవడం మొక్కజొన్న పాకానికి కలిసివచ్చింది. తమ పంచదారను అమెరికాకు అమ్ముకునే చెరకు దేశాలు నష్టపోయాయి.

యూరప్ వేరే దారి పట్టింది. అక్కడ దీన్ని ఐసోగ్లూకోజ్ అంటారు. బీట్ దుంప రైతులను కాపాడటానికి యూరోపియన్ కమ్యూనిటీ మొదట దీని మీద సుంకం, తర్వాత ఉత్పత్తి కోటా విధించింది. యూరోపియన్ పార్లమెంటు అభిప్రాయం రాకుండానే కోటా నిబంధన తెచ్చారని ఫ్రెంచి కంపెనీ రొకెట్ ఫ్రేర్ వేసిన కేసులో 1980 అక్టోబరు 29న యూరోపియన్ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. పార్లమెంటును సంప్రదించడం కేవలం లాంఛనం కాదని చెప్పిన ఆ తీర్పు యూరప్ రాజ్యాంగ న్యాయంలో ఇప్పటికీ మైలురాయి. కోటాలు మాత్రం మరో రూపంలో కొనసాగి 2017లో గానీ రద్దు కాలేదు. అమెరికాలో ఈ పాకం తలసరి వాడకం 1999లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. స్థూలకాయానికి దీన్నే కారణంగా చూపే వాదన 2004 తర్వాత బలపడింది. పంచదారలోనూ దాదాపు సగం ఫ్రక్టోజే కాబట్టి, ఆ చర్చ చివరికి తీపి మొత్తం మోతాదు దగ్గరికే వస్తుంది.

అణువు లోపలి పని

ఎంజైమ్ వ్యాపారంలో స్థిరపడ్డాక కూడా అది ఎలా పనిచేస్తుందో స్పష్టం కాలేదు. 1969లో ఫిలడెల్ఫియాలో ఇర్విన్ రోజ్ బృందం రేడియోధార్మిక హైడ్రోజన్‌తో ప్రయోగాలు చేసింది. ఒక కార్బన్ నుంచి పక్క కార్బన్‌కు మారే హైడ్రోజన్ చుట్టూ ఉన్న నీటితో దాదాపు కలవడం లేదని కనిపించింది. అది ప్రోటాన్‌గా కదులుతోందని, ఎంజైమ్ లోపలి భాగం దాన్ని నీటికి దూరంగా ఉంచుతోందని వారు భావించారు. రోజ్ 2004లో వేరే పనికి, యుబిక్విటిన్ పరిశోధనకు, నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

జవాబు స్ఫటికాలు చెప్పాయి. 1984లో అదే ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ కేంద్రంలో జెన్నీ గ్లస్కర్ బృందం స్ట్రెప్టోమైసిస్ రూబిజినోసస్ ఎంజైమ్ నిర్మాణపు తొలి రూపురేఖలు ఇచ్చింది. ఆ దశాబ్దం చివరికి లండన్ ఇంపీరియల్ కాలేజీలో డేవిడ్ బ్లో బృందం, అమెరికాలో గ్రెగరీ పెట్స్కో, డాగ్మార్ రింగ్ బృందం మరింత స్పష్టమైన చిత్రాలు తీశాయి. ప్రతి భాగంలో ఎనిమిది పోగులు పీపా ఆకారంలో చుట్టుకుని ఉన్నాయి. దాని నోటి దగ్గర రెండు లోహ అయాన్లు. ప్రోటాన్‌ను మోసుకుపోగల క్షార సమూహం మాత్రం ఉండవలసిన చోట కనిపించలేదు. దాంతో మరో వివరణ బలపడింది. ఎంజైమ్ ముందు చక్కెర వలయాన్ని తెరుస్తుంది. లోహ అయాన్ల ఊతంతో హైడ్రోజన్ తన రెండు ఎలక్ట్రాన్లతో సహా రెండో కార్బన్ నుంచి మొదటి కార్బన్‌కు నేరుగా జరుగుతుంది. తర్వాత వలయం మూసుకుంటుంది. కాల్షియం ఎందుకు అడ్డు వస్తుందో, మెగ్నీషియం ఎందుకు అవసరమో ఫ్యాక్టరీలు ముందే అనుభవంతో ఎరిగిన విషయాలకు అణువు స్థాయిలో అర్థం దొరికింది.

ఆ నిర్మాణం తెలిశాక ఎంజైమ్‌ను మార్చడమూ సాధ్యమైంది. వేడి పాకంలో నెలల తరబడి పనిచేసేటప్పుడు ఎంజైమ్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లంతో గ్లూకోజే చర్య జరిపి దాన్ని పాడుచేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియం, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆక్టినోప్లానెస్ ఎంజైమ్‌లో 253వ స్థానంలోని లైసిన్‌ను ఆర్జినీన్‌గా మార్చి దాని ఆయుష్షు పెంచారు. సముద్రపు వేడి ఊటల్లో బతికే థర్మోటోగా బ్యాక్టీరియాలో మరిగే నీటి ఉష్ణోగ్రత దగ్గర కూడా పనిచేసే ఐసోమరేజ్‌లు దొరికాయి. వేడి పెరిగేకొద్దీ సమతుల్యం ఫ్రక్టోజ్ వైపు మొగ్గుతుంది కాబట్టి వాటి మీద ఆసక్తి సహజం.

ఈ కథలో భారతీయుల పాలు కూడా ఉంది. పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మాలా రావు, వాసంతి దేశ్‌పాండే, వారి సహచరులు స్ట్రెప్టోమైసిస్ ఎంజైమ్‌ను శుద్ధి చేసి, దాని క్రియాస్థానంలో హిస్టిడిన్ వంటి అవశేషాల పాత్రను రసాయన పద్ధతుల్లో పరిశీలించారు. 1996లో వారు మైక్రోబయాలజికల్ రివ్యూస్ పత్రికలో రాసిన సమీక్ష ఈ ఎంజైమ్ గురించి విస్తృతంగా ఉదాహరించే పత్రాల్లో ఒకటి.

ఫ్యాక్టరీలో పూర్తిగా శుద్ధి చేసిన ఎంజైమ్‌ను వాడేవారు తక్కువ. గట్టిపరచిన కణాలో, సగం శుద్ధి చేసి ఆధారానికి అంటించిన ఎంజైమో సరిపోతుంది. అందువల్ల శుద్ధి అనేది ప్రయోగశాలకు పరిమితమైన శ్రమ అనిపించవచ్చు. ఈ చరిత్ర దానికి భిన్నమైన తీర్పు ఇస్తుంది. మూడు ఎంజైమ్‌లలో ఏది పనికొస్తుందో, ఏ లోహం కలపాలో, దేన్ని తీసేయాలో, పాకాన్ని ఎక్కడ ఆపాలో తెలిసింది విడదీసి కొలిచినందువల్లే. మార్కెట్ ఎప్పుడు తెరుచుకోవాలో ధరలు, కోటాలు నిర్ణయించాయి. తెరుచుకున్న రోజున చేతిలో పాకం ఉండేలా చేసింది మాత్రం ఎంజైమ్‌ను విడదీసి కొలిచిన ఆ పనే.